మేరు ప్రస్తారాన్ని తరగతిలో వేయించండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్‌ లెక్కల్లో ద్విపద సిద్ధాంతం, అంటే (a+b)ⁿ విస్తరణ వచ్చేసరికి పిల్లలు సూత్రం బట్టీ పట్టలేక టెన్షన్ పడుతుంటారు. అందులోని సంఖ్యలు తెలుగు క్లాసులో ఎప్పుడో ఎదురయ్యాయని చాలాచోట్ల ఎవరూ చెప్పరు. ఛందస్సులో గురువు (దీర్ఘంగా పలికే అక్షరం), లఘువు (పొట్టిగా పలికేది)తో ఏర్పడే మూడక్షరాల గణాలు తీసుకోండి. అన్నీ గురువులైతే మ గణం ఒక్కటే. రెండు గురువులున్నవి య, ర, త. ఒక్క గురువున్నవి భ, జ, స. అన్నీ లఘువులైతే న గణం. అంటే 1, 3, 3, 1. మొత్తం 8.

మేరు ప్రస్తారమనే సంఖ్యల త్రిభుజంలో ఇదొక వరుస. అంచుల్లో 1 పెట్టి, పక్కపక్క సంఖ్యలను కలిపి కింద రాస్తే తర్వాతి వరుస 1, 4, 6, 4, 1 వస్తుంది. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు దీన్ని మేరు ప్రస్తారంగా వివరించాడు. ఇదే త్రిభుజంపై ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్ రాసిన గ్రంథం అచ్చయింది 1665లో. ఎవరు ముందన్న వాదన కన్నా పిల్లల చేత వేయించడం నాకు ముఖ్యం. త్రిభుజంలోని సంఖ్యలను ఏటవాలుగా కూడితే 1, 1, 2, 3, 5, 8 వస్తాయి; ముందున్న రెండూ కలిస్తే తర్వాతిది. దాన్ని మాస్టారు ముందే చెప్పేయకుండా పిల్లలే పట్టుకోనివ్వాలి. ఏడో తరగతి వాళ్లకైనా దీనికి కూడికలు వస్తే చాలు.

తెలుగు, లెక్కల మాస్టార్లు కలిసి ఒక్క పీరియడ్ చెప్పేలా విద్యాశాఖ చూడాలని నా విన్నపం.

— ఒక గణిత ఉపాధ్యాయుడు, తెనాలి