మా పిల్లలకు ఒక్క రింక్ కట్టించండి

చక్రాల స్కేట్లు కట్టుకుని ఆడే రోలర్ హాకీలో రెండో అంచె పోటీ అయిన పురుషుల ‘బి’ ప్రపంచ కప్ గురించి ఆటల పేజీలో చదివాను, ఇక్కడ రాయగడలో మా పేట పిల్లలు మాత్రం స్కేట్లు కట్టుకుని తారు రోడ్డు మీదే ఆడుతున్నారు. రోజూ సాయంత్రం చూస్తున్నాను, ఆటో వస్తే పక్కకు పరుగు, లారీ వస్తే ఆట బంద్, కంకర తేలినచోట చక్రం ఇరుక్కుని మోకాళ్లు పగలడం మామూలైపోయింది, ఇంట్లో పెద్దవాళ్లకు ఒకటే టెన్షన్. ఈ ఆట 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఆడారు. ‘బి’ పోటీల్లో మొదటి మూడు జట్లు పై అంచె అయిన ‘ఎ’ గ్రూపుకు ఎక్కేవి, అంటే చిన్న జట్లకూ పైకి దారి ఉన్న ఆట ఇది. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే, రింక్ అంటే కావలసింది 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న నున్నటి గచ్చు, చుట్టూ మీటరు ఎత్తు అడ్డుగోడ, అంతే. 2018 నుంచి దేశ ఫీల్డ్ హాకీ జట్లకు స్పాన్సర్‌గా నిలిచి, రూర్కెలాలో అంత పెద్ద స్టేడియం కట్టిన ఒడిశా ప్రభుత్వానికి ఇది భారమేమీ కాదు. మున్సిపాలిటీ ఏదైనా ఖాళీ స్థలం చూపించి, జిల్లా క్రీడా నిధులతో గచ్చు పోయించి, లైట్లు పెట్టించి, వారానికి రెండు రోజులైనా ఒక కోచ్‌ను విశాఖ నుంచి రప్పించాలి. తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు ఇప్పటికే ఒకే జట్టుగా ఆడుతున్నారు, వచ్చే వేసవి సెలవుల్లోపు వాళ్లను రోడ్డు మీద నుంచి తప్పించండి.

– ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా