తలుపున్న టబ్బు ఖర్చెంత అని అడిగావుగా

బెంగళూరు,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

మీ నాన్నగారికి వాక్-ఇన్ టబ్బు, అంటే పక్కనున్న తలుపు తీసుకుని లోపలికి నడిచెళ్ళే స్నానపు తొట్టి, పెట్టించాలంటే ఎంతవుతుంది అని ఒక్క ముక్కలో అడిగేశావు. దానికి ఒక్క అంకెలో జవాబు లేదురా. పోయినేడాది మా అమ్మ కోసం ఆ లెక్కంతా వేసి చూశాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. కాఫీ పెట్టించుకుని కూర్చో.

అసలు మా ఇంట్లో ఈ టబ్బు గోల మొదలుపెట్టింది అక్క. న్యూజెర్సీలో వాళ్ళ అత్తగారికి బిగించారట, ఆవిడ మహా సుఖపడుతోందట. అక్కడ టబ్బు ఒక్కటే 2,000 డాలర్ల నుంచి 10,000 దాకా ఉంటుంది, బిగింపుతో కలిపి 20,000 అయ్యేవీ ఉన్నాయి. పెద్దవాళ్ళకి ప్రభుత్వం తరఫున ఉండే ఆరోగ్య బీమా, మెడికేర్, మామూలుగా దీనికి డబ్బివ్వదు, వైద్య పరికరంగా లెక్కకట్టదు కాబట్టి. అంతా సొంత జేబులోంచే. అయినా "నేను పంపిస్తా, అమ్మకి పెట్టించాల్సిందే" అని పట్టు పట్టింది. దూరంగా ఉన్న పిల్లలకి అదో టెన్షన్, మనం కాదనలేం.

సరే అని అమ్మని, మా ఆవిడని ఎక్కించుకుని సిద్ధయ్య రోడ్డుకి వెళ్ళాను. అక్కడ టైల్సు, శానిటరీ షాపులు వరసగా ఉంటాయి. చాలామంది దగ్గర ఈ సరుకు లేదు, ఆర్డరిస్తే తెప్పిస్తామన్నారు. ఒక్క షోరూములో మాత్రం డిస్‌ప్లేకి పెట్టి ఉంది. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లోపలికి అడుగు పెట్టింది. గడప జానెడు ఎత్తు కూడా లేదు. లోపల కుర్చీ ఎత్తున సీటు, పక్కన పట్టుకోడానికి కడ్డీ, తలుపు అంచు చుట్టూ లావుపాటి రబ్బరు. సేల్స్ కుర్రాడు తలుపు వేసి గొళ్ళెం తిప్పాడు. "ఇప్పుడు నీళ్ళు నింపుకోవాలి అమ్మా, స్నానం అయ్యాక మొత్తం ఖాళీ అయితేనే తలుపు తెరవాలి" అన్నాడు. అంటే నింపేటప్పుడూ లోపలే, వదిలేటప్పుడూ లోపలే. "అయితే నీళ్ళు పోయేదాకా తడిసిన కోడిలా వణుక్కుంటూ కూర్చోవాలా నాయనా?" అంది అమ్మ. వాడు నవ్వేసి, త్వరగా లాగేసే పంపున్న మోడల్ ఇంకా ఖరీదు అన్నాడు.

అమ్మ రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "తలంటు పోసుకుంటే?" నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడు పిప్పి, ఇవన్నీ ఆ చిన్న జల్లెడలోంచి ఎలా పోతాయి? జారకూడదని కొన్న టబ్బులో నూనె జిడ్డు పేరుకుంటే ఇంకేముంది! కుర్రాడి దగ్గర జవాబు లేదు. టబ్బు తయారుచేసినవాడు మన శనివారపు తలంటు చూసి ఉండడులే.

ఇప్పుడు డబ్బు సంగతి. మాకిచ్చిన కొటేషన్ టబ్బుకి 3,40,000 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 61,200. పాత టైల్సు పగలగొట్టి, పైపులు మార్చి, మళ్ళీ వాటర్‌ప్రూఫింగ్ చేసి బిగించడానికి 95,000. పెద్ద గీజరు, దానికి వేరే వైరింగు 35,000. మొత్తం 5,31,200. బాత్రూమ్ తలుపు సన్నగా ఉండి టబ్బు పట్టకపోతే ద్వారబంధం తీసి పెట్టాలి, అది వేరే. లోపల నీళ్ళని జోరుగా చిమ్మే జెట్లున్న మోడల్ ఎటూ వద్దనుకున్నాం, దానికి కరెంటు లైను కూడా విడిగా లాగాలట.

గీజరు ఎందుకు అంటావేమో. ఇలాంటి టబ్బు ఒకసారి నిండాలంటే 150 నుంచి 300 లీటర్లు పడతాయి. 200 అనుకో. కుళాయి నీళ్ళు 25 డిగ్రీలుంటే, వాటిని 40కి తేవడానికి గీజరులోంచి 60 డిగ్రీల వేడినీళ్ళు ఎనభై ఐదు లీటర్లకి పైనే కావాలి. మనిళ్ళల్లో ఉండేది 15 లీటర్లదో 25దో. సగం టబ్బు నిండకముందే చల్లనీళ్ళొస్తాయి. కరెంటు మూడున్నర యూనిట్లు, అది పెద్ద ఖర్చేం కాదులే.

నన్ను ఆపింది నీళ్ళు. మన దేశంలో నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లని ప్రమాణం పెట్టారు, తాగడం, వండుకోవడం, ఉతుక్కోవడం అన్నీ కలిపి. ఒక్క స్నానానికే దాన్ని మించి వాడతానంటే ఎలా? అందులోనూ బెంగళూరులో! 2024 మార్చిలో తాగునీళ్ళతో కారు కడిగినా, మొక్కలకి పోసినా 5,000 ఫైన్ అని ఇక్కడి నీళ్ళ బోర్డు చెప్పిన రోజులు మర్చిపోలేను. మా అపార్టుమెంటులో ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ చెంబులు లెక్కపెట్టుకున్నాం. అమ్మకి బకెట్టున్నర చాలు, ఆ అరబకెట్టు కూడా ఒక్కోసారి మిగులుస్తుంది.

పైగా మాది నాలుగో అంతస్తు. నీళ్ళు 200 కిలోలు, టబ్బు, మనిషి కలిపి మూడొందల కిలోలు ఒకేచోట. స్లాబు తట్టుకుంటుందని ఇంజినీరు చేత రాయించుకు రమ్మన్నాడు అసోసియేషన్ సెక్రటరీ. దాంట్లో తప్పేం లేదు. బాత్రూమ్ కింద వాటర్‌ప్రూఫింగ్ పొర ఒకసారి పగిలిందా, కింది ఫ్లాటు సీలింగు మీద మరకలు, ఆపైన రోజూ లిఫ్టులో మొహాలు చూసుకోలేని పరిస్థితి.

అక్కకి ఇదంతా చెప్పి, చివరికి ఏం చేశానంటే, ఆ టబ్బులో అమ్మకి నిజంగా పనికొచ్చేవి ఏమిటని చూశాను. కూర్చోవడం, పట్టుకోవడం, కాలెత్తకుండా లోపలికి వెళ్ళడం. ఈ మూడూ టబ్బు లేకుండానే దొరుకుతాయి. బాత్రూమ్ గడప తీయించి నేలకి వాలు సరిచేయించి, జారని టైల్సు వేయించాను, వాటర్‌ప్రూఫింగ్‌తో 38,000. రబ్బరు కాళ్ళున్న స్నానం కుర్చీ 3,200. స్టీలు కడ్డీలు బిగింపుతో 5,400. పొడుగు పైపు హ్యాండ్ షవరు 1,800. అంతా కలిపి 48,400. అమ్మ ఆ షవరు ముట్టుకోదు, కుర్చీలో కూర్చుని చెంబుతోనే పోసుకుంటుంది. పోసుకోనీ.

కడ్డీల దగ్గర మాత్రం జాగ్రత్తరా. ఇక్కడ చాలా ఫ్లాట్లలో గోడలు బోలు సిమెంటు బ్లాకులవి. మామూలు ప్లగ్గు వేసి స్క్రూ బిగిస్తే లోపల పట్టు ఉండదు, సరిగ్గా మనిషి బరువు పడినప్పుడే ఊడొస్తుంది. మా మేస్త్రీ డ్రిల్లు పెట్టి చూసి, చప్పుడు మారగానే ఆపేశాడు. కెమికల్ యాంకర్, అంటే బెజ్జంలో పోస్తే గట్టిపడి పట్టుకునే జిగురు మందు, తెప్పించి, అది గట్టిపడ్డాక కడ్డీ బిగించి, రెండు చేతులతో వేలాడి మరీ చూపించాడు. గాలితో అతుక్కునే కడ్డీలు అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళకు. టవలు రాడ్డు పట్టుకుని లేచే అలవాటుంటే ముందు దాన్ని పీకించెయ్. ఇంకోటి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపుని నెట్టలేం. గొళ్ళెం కూడా బయటినుంచి తీసుకునేదే పెట్టించు.

నీ సంగతి వేరేలే. ఒంగోల్లో కింది పోర్షనే కడుతున్నావు, స్లాబు భయం లేదు, కింద ఫ్లాటు గొడవా లేదు. మీ నాన్నగారు వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే నొప్పి తగ్గుతుందంటున్నారంటే ఆయనకి టబ్బు పనికిరావచ్చు. కానీ ఆయనకి బీపీ మందులు కూడా ఉన్నాయిగా, అంతసేపు వేడినీళ్ళలో కూర్చుని లేస్తే కళ్ళు తిరగొచ్చు. ముందు డాక్టర్ని అడుగు. నన్నడిగితే టబ్బు ఇప్పుడే కొనకు. చోటు మాత్రం వదులు. ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, లావుపాటి డ్రెయిన్ పైపు, పెద్ద గీజరుకి పాయింటు, మూడడుగుల తలుపు. గోడ కట్టేటప్పుడే కడ్డీలొచ్చే చోట గట్టి ఇటుకలు పెట్టించు. ఈలోగా అక్కడ కుర్చీ వెయ్యి, వాడి చూడనీ.

బాత్రూమ్ ప్లాస్టరింగు మొదలెట్టేలోపు ప్లాను ఫోటో తీసి పంపు, మా మేస్త్రీకి చూపిస్తా. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. దసరాకి వస్తామని అమ్మ ఇప్పటినుంచే అంటోంది, ఈసారి మీ ఇంట్లోనే దిగుతాం.

నీ
రవి