పగాన్ రాజుల పట్టికలో ఒక గీత తక్కువైంది

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో బర్మాలోని పగాన్ నగరాన్ని ఏలిన తొలి రాజుల పట్టిక ఒకటి వేశారు. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు దాన్ని కత్తిరించి ప్రాజెక్ట్ నోట్‌బుక్‌లో అతికించుకుంది. అతికించాక వేళ్లు మడిచి లెక్కపెట్టి, "తాతా, ఒకే వంశం పదకొండు వందల ఎనభై ఏళ్లు ఎట్లా ఏలింది?" అని నన్ను పట్టుకుంది. నేను రెవెన్యూలో ముప్పై నాలుగేళ్లు చేసి నాయబ్ తహసీల్దారుగా రిటైరైన వాణ్ణి. వారసుల లెక్క ఎక్కడైనా తేడాగా కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి ఊరుకోదు.

మీరు క్రీ.శ. 107లో తమొద్దరిత్ అనే రాజుతో మొదలుపెట్టి, మంగోలుల దెబ్బకు రాజధాని వదిలి పారిపోయి 1287లో చచ్చిపోయిన నరతిహపతే దాకా అందరినీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో, ఏలిన సంవత్సరాలతో సహా వేశారు. చూడటానికి ముచ్చటగా ఉంది. అయితే మా ఆఫీసులో ఎవరైనా ఇంత ముచ్చటైన వంశవృక్షం పట్టుకొస్తే ముందుగా అడిగే మాట "కాగితం ఏది?" అనే. విరాసత్ కేసుల్లో, అంటే వారసత్వపు తగాదాల్లో, ఏడు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. భూమి ఎవరిదో రాసి ఉండే ఖాస్రా పహాణీ తెప్పిస్తే మూడో తరం దగ్గర ఇంకెవరిదో పేరు ఉండేది. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. వాళ్ల తాత చెప్పింది వాళ్లు చెప్పారు.

పగాన్ రాజుల పై వరసలు కూడా ఇట్లాంటి తాత చెప్పిన మాటలే. వాటికి ఆధారం బర్మా ఆస్థానాల్లో చాలా ఆలస్యంగా రాసుకున్న చరిత్రలు. అందులో పేరున్న 'గాజు మేడ చరిత్ర'ను అప్పటి రాజు 1829లో పండితులను కూర్చోబెట్టి రాయించాడు. ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోయి, 1826 సంధిలో అరకాన్, టెనసెరిం పోగొట్టుకున్న మూడేళ్లకన్నమాట. తమ రాజవంశం మూలపురుషుడు కపిలవస్తు నుంచి వచ్చిన శాక్యుడని అందులో రాసుకున్నారు. భూమి పోయినవాడికి వంశం గుర్తుకు రావడం నేను ఎరగనిది కాదు.

కథలుగా మాత్రం అవి బంగారం. ప్యూసోతి అనే రాజు సూర్యుడి అంశతో నాగకన్య పెట్టిన గుడ్డులోంచి పుట్టాడట. ఇంకో రాజు వేటకు పోయి, దారి తప్పి, ఆకలికి ఆగలేక ఒక రైతు తోటలో దోసకాయ తెంపుకుని తిన్నాడట. రైతుకు ఒళ్లు మండి చేతిలో ఉన్నదాంతో ఒక్కటిచ్చాడు. రాజు అక్కడికక్కడే పోయాడు. రాజ్యంలో గొడవ రాకూడదని ఆ రైతునే తీసుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు! మీ పట్టికలో ఆ రైతు పేరు ఞాంగ్‌ఊ సోరహాన్ అని ఉంది. దోసకాయ లేదు. పిల్లల పేజీలో దోసకాయ తీసేసి సంవత్సరాలు ఉంచడం ఏం న్యాయమండీ? పైగా రైతు వచ్చి కూర్చున్న చోట వంశం తెగిపోయిందని వాళ్ల చరిత్రే ఒప్పుకుంటోంది కదా. మీరేమో బాణం గుర్తు తెగకుండా కిందికి లాగేశారు.

గీత గీయాల్సింది 1044 దగ్గర. ఆ ఏడు గద్దెనెక్కిన రాజును మీరు "అనవ్రాహ్తా" అన్నారు. ఇంగ్లీషు అక్షరాలు చూసి రాస్తే అట్లాగే వస్తుంది. ఆయన పేరు అనిరుద్ధుడు. పగాన్‌లో దొరికిన మట్టి ముద్రల మీద, ఈ బుద్ధుణ్ణి మహారాజు శ్రీ అనిరుద్ధదేవుడు తన చేతులతో చేశాడని రాసి ఉంది. ఒక రాజు ఉన్నాడనడానికి మెత్తటి మట్టిలో ఆయనే వేసిన గుర్తు కన్నా ఏం కావాలి? అక్కణ్ణుంచి కిందికి మనకు కాగితం ఉంది. కాగితం అంటే రాయి.

ఆ రాళ్లలో నాకు బాగా నచ్చింది మ్యజేదీ శాసనం. 1113 నాటిది. నాలుగు ముఖాల మీద నాలుగు భాషలు: పాళీ, మోన్, బర్మా, ప్యూ. ప్యూలంటే బర్మావాళ్ల కన్నా ముందు అక్కడ ఉన్న జనం. నా వృత్తి బుద్ధితో చదివితే అది అచ్చంగా ఆస్తి దస్తావేజు. రాజు తన రాణికి మూడు దాసుల ఊళ్లు ఇచ్చాడు. రాణి పోయాక ఆమె నగలు, ఆ ఊళ్లు కొడుకు రాజకుమారుడికి ఇచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఏలిన రాజు చావుబతుకుల్లో ఉంటే, తనను పెంచిన రుణానికి ఆ కొడుకు బంగారు బుద్ధవిగ్రహం చేయించి, ఊళ్లు మూడూ దానికి రాసిచ్చాడు. మంచం పట్టిన రాజు సంతోషించి, భిక్షువుల ఎదుట నీళ్లు ధారపోశాడు. మన దానశాసనాల్లో లాగే. ప్యూ భాష చదవగలవాళ్లు ఏనాడో అంతరించిపోతే, పక్కన పాళీ ఉండబట్టి బ్లాగ్డెన్ అనే పండితుడు 1911లో ఆ అక్షరాల గుట్టు విప్పాడు.

ఆ రాజే మీ "క్యాన్సిట్టా". చరిత్రల్లో ఆయన కథ వింటే మనవాళ్లు ఎవరైనా ఉలిక్కిపడతారు. అజ్ఞాతంలో తిరిగే రోజుల్లో అడవిలో ఒక ముని మేనకోడల్ని పెళ్లాడి, ఉంగరం ఇచ్చి, ఆడపిల్ల పుడితే ఈ ఉంగరం అమ్ముకుని పిల్లను పెంచుకో, మగపిల్లాడైతే నా దగ్గరికి తీసుకురా అని చెప్పి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు ఆమె పిల్లాణ్ణి వెంటబెట్టుకుని కోటకు వచ్చింది. శకుంతల కథే కదా! తేడా ఒక్కటే. ఇక్కడ భరతుడికి రాజ్యం దక్కలేదు. కొడుకు లేడనుకుని ఆయన అప్పటికే కూతురి కొడుకు అలౌంగ్‌సితుకు మాట ఇచ్చేశాడు. ఆ ఉంగరం పిల్లాడే రాయి చెక్కించిన రాజకుమారుడు. రాజ్యం రాని కొడుకు తండ్రి మీద దావా వేయకుండా ఆయన పేరున దానం చేశాడు. నా సర్వీసులో అట్లాంటి కొడుకును చూడలేదు.

మీ పట్టికలో అలౌంగ్‌సితును క్యాన్సిట్టా "కుమారుడు" అని వేశారు. ఇది మాత్రం తప్పకుండా దిద్దాలి. అనిరుద్ధుని కొడుకు సోలు. సోలు కొడుక్కు క్యాన్సిట్టా తన కూతుర్నిచ్చాడు. వాళ్లకు పుట్టినవాడు అలౌంగ్‌సితు. క్యాన్సిట్టా తాను అనిరుద్ధుడి కొడుకునని ఏ శాసనంలోనూ చెప్పుకోలేదు. ఆయన్ను కొడుకుగా చూపించేది ఆ ఆస్థాన చరిత్రలే. అందుకని అనిరుద్ధుడి వంశాన్ని కిందికి కలిపే ఈ మనవడి దగ్గర గీత తప్పుగా పోతే లెక్క మొత్తం తారుమారవుతుంది.

తర్వాతి వాళ్ల గురించి క్లుప్తంగా చెప్తాను. ముసలి అలౌంగ్‌సితును కొడుకు నరతు చంపించాడని చరిత్రలు అంటాయి. 1211లో హ్తిలొమిన్లోను ఎంపిక చేసింది గొడుగట. అయిదుగురు రాకుమారులను చుట్టూ కూర్చోబెట్టి నడుమ తెల్లగొడుగు పెడితే ఆయన వైపు వాలింది. మా కాలంలో ఆ గొడుగు ఉంటే ఎన్ని ఫైళ్లు తగ్గేవో. నరతిహపతే తాను కట్టించిన మింగలజేదీ స్తూపం శాసనంలో తాను 3 కోట్ల 60 లక్షల సైన్యానికి అధిపతినని, రోజూ 300 కూరలు తింటానని చెప్పుకున్నాడు. రాయి మీద ఉన్నంత మాత్రాన అదీ నిజమని నేను అనడం లేదు.

ఇక అసలు బాధ. కాగితం లేనివాళ్లందరినీ ఎక్కించిన మీ పట్టికలో, కాగితం ఉన్న ముగ్గురు లేరు. పగాన్‌కు చాలా ముందు, ఇప్పటి ప్యే పట్టణం పక్కన శ్రీక్షేత్రం అనే ప్యూ నగరం ఉండేది. అక్కడ రాజుల అస్థికలు దాచిన రాతి పాత్రలు దొరికాయి. వాటి మీద పేర్లు, పోయిన ఏడు ఉన్నాయి. సూరియవిక్రముడు, హరివిక్రముడు, సీహవిక్రముడు. శకం పేరు రాయలేదు గానీ, 638లో మొదలయ్యే బర్మా శకంతో లెక్కిస్తే వాళ్లు 688, 695, 718లో పోయారు. సూరియవిక్రముడికి అప్పుడు 64 ఏళ్లు. ఈ పేర్లు ఆ పెద్ద పెద్ద చరిత్రల్లో లేవు. పహాణీలో పట్టాదారు కాలమ్ నిండా ఎవరెవరివో పేర్లుంటే, నిజంగా భూమి అనుభవంలో ఉన్నవాడు గట్టు మీద నిలబడి చూస్తున్నట్టుంది.

వాళ్లు మనకు మరీ పరాయివాళ్లు కూడా కాదు. 1926లో అదే శ్రీక్షేత్రంలో ఖిన్‌బా దిబ్బ తవ్వితే పాళీ వాక్యాలు చెక్కిన ఇరవై బంగారు రేకులు బయటపడ్డాయి. ఆ అక్షరాలు మన తెలుగు, కన్నడ లిపులకు తాతలైన దక్షిణాది లిపులకు దగ్గరి చుట్టాలు. బెయిక్థనో అనే ఇంకో ప్యూ నగరం పేరులో ఉన్నది విష్ణువే. అక్కడి స్తూపాల, విహారాల పునాదులను పండితులు మన నాగార్జునకొండతో పోల్చారు. మీ పట్టికలో ఒక గడి ఎక్కువ వేస్తే తెలుగు పిల్లలకు ఇదంతా తెలిసేది.

ఉచ్చారణ సంగతి నా సొంత తెలివి కాదు. మల్కాజ్‌గిరిలో మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. పుట్టింది రంగూన్‌లో. ఆవిడ రంగం అనే అంటారు. 1964లో ఓడెక్కి వచ్చి, విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపులో పెరిగారు. మీ పట్టిక చూపిస్తే "క్యాన్సిట్టా ఏమిటి నాయనా, చాన్‌సిత్తా" అని నవ్వారు. నరతు రాజును అక్కడ "కలాల చేతిలో చచ్చిన రాజు" అంటారని కూడా ఆవిడే చెప్పారు. అతన్ని చంపినవాళ్లు బ్రాహ్మణ వేషాల్లో వచ్చిన పరదేశీయులని కథ. "కలా అంటే ఎవరమ్మా?" అని అడిగితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మనమే. మా నాన్నని బజార్లో అట్లాగే పిలిచేవాళ్లు" అన్నారు. ఆ తర్వాత టీ తాగి వచ్చేశాను.

అయ్యా, వచ్చే ఆదివారం ఆ పట్టిక మళ్లీ వేయండి. శ్రీక్షేత్రం ముగ్గురినీ వాళ్ల గడిలో ఎక్కించి, 1044 దగ్గర అడ్డంగా ఒక గీత గీసి, పైన కథ అని, కింద శాసనం అని రాయండి. అలౌంగ్‌సితు పక్కన "దౌహిత్రుడు" అని వేయండి. దోసకాయ బొమ్మకు చోటుంటే మరీ మంచిది. మా మనవరాలి నోట్‌బుక్‌లో ఎదుటి పేజీ ఖాళీగా ఉంచమని చెప్పాను. ప్రాజెక్ట్ ఇవ్వాల్సింది ఈ నెల ఇరవై అయిదున.

ఇట్లు,
మీ పాత చందాదారు
విశ్రాంత నాయబ్ తహసీల్దారు, మల్కాజ్‌గిరి, హైదరాబాద్