నాలుగున్నర బస్సు వాళ్ల సంగతేంటి?

సంపాదకుల వారికి,

నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఈసారి మా విద్యార్థి సంఘంలో సాంస్కృతిక కార్యదర్శి పదవికి పోటీ చేస్తున్నాను. "ఏడాదికోసారి స్టేజీ కట్టించడమేగా ఆ పదవి!" అని మా క్లాసువాళ్లే నవ్వారు. నామినేషన్ వేసినప్పుడు నేనూ అంతకు మించి ఆలోచించలేదు.

ప్రచారానికి క్లాసు క్లాసుకీ తిరిగాకే కళ్లు తెరుచుకున్నాయి. రోజూ బస్సులో వచ్చిపోయే మూడో ఏడాది అక్క ఒకామె, "రెండేళ్లలో నన్ను పేరు పెట్టి పలకరించింది నలుగురు కూడా లేరు" అంది. మనం పెట్టే కార్యక్రమాలన్నీ సాయంత్రం ఆరు తర్వాతే. ఆమె బస్సు నాలుగున్నరకి! పోస్టర్లేమో హాస్టల్ గోడలకే. నిరుడు వాటిని అంటించినవాళ్లలో నేనూ ఉన్నాను లెండి.

అందుకే హామీల కాగితం చించేసి మళ్లీ రాశాను. నెలకు రెండు కార్యక్రమాలు మధ్యాహ్న విరామంలో పెడతాం. కొత్తగా చేరిన ప్రతి ఐదుగురికీ వేరే శాఖ నుంచి ఒక సీనియర్ తోడుంటారు. ఖర్చుల లెక్క నోటీసు బోర్డు మీద పెడతాం. అంతే.

సంఘాలంటే గొడవలేనని తీసిపారేసే పెద్దలకు ఒక మాట. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో 1884లోనే విద్యార్థి ప్రతినిధుల మండలి ఏర్పడింది. అధికారులకు విద్యార్థుల మాట చేరవేయడంతో పాటు విద్యార్థుల మధ్య కలివిడి పెంచడమూ దాని పనే. మీ పత్రిక కూడా మా ఎన్నికల్లో కొట్లాటల ఫొటోలతో పాటు హామీలనూ కాస్త అచ్చువేస్తే బాగుంటుంది.

గెలుపు సంగతి తలచుకుంటే టెన్షనే. ఆ అక్క మాత్రం నిన్న తన క్లాసులో నా తరఫున మాట్లాడిందట.

- ఒక డిగ్రీ విద్యార్థిని