నా చోటు నాకే ఉంచినవాళ్లకి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తూ వచ్చాను. మొన్న నవరాత్రుల్లో టి.నగర్‌లో ఒక తెలుగువాళ్లింట్లో, బొమ్మల కొలువు ముందు కూర్చుని 40 నిమిషాలు మృదంగం వాయించాను. 14 నెలల తర్వాత. ఇంకా రాయకపోతే తప్పు.

పోయిన ఏడాది శ్రావణంలో మూడు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గాయి. పది రోజులకి అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే నీరసం అని బి కాంప్లెక్స్ రాసిచ్చి పంపారు. మర్నాటికి తిమ్మిరి మోకాళ్లు దాటింది. నాలుగో రోజు పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. కింద పడిన చప్పుడు వింటే గానీ జారిందని తెలియలేదు.

పెద్దాసుపత్రిలో న్యూరాలజీ డాక్టరుగారు రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు. కాలు ఉలకలేదు, పలకలేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఎప్పుడో పేపర్లో చదివి మర్చిపోయిన పేరు. రోగాల మీద పోరాడాల్సిన మన ఒంట్లోని బలగమే దారి తప్పి మన నరాల మీద పడుతుంది. కడుపులో వచ్చిన ఇన్ఫెక్షన్ తర్వాత ఇలా అవడం ఉందట. రెండు కాళ్లకీ ఒకేసారి తిమ్మిరెక్కి పైకి పాకుతుంటే దయచేసి ఒక్కరోజు కూడా ఇంట్లో ఆగకండి. ఇది ఊపిరి దాకా రావచ్చు. నాకు వచ్చింది. 12 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను.

మందు ఇమ్యునోగ్లోబులిన్. కిలో బరువుకి 2 గ్రాముల లెక్క, ఐదు రోజుల్లో ఎక్కించాలి. నేను 70 కిలోలు, అంటే 140 గ్రాములు. 5 గ్రాముల సీసాలు 28. కచేరీకి కచేరీకి మధ్య బతికే ఇంట్లో అంత డబ్బు ఎక్కడుంటుంది? మా ఆవిడ గొలుసు చేతిలో పట్టుకుని బయల్దేరబోతుంటే కచేరీల్లో ఘటం వాయించే అన్న ఆపాడట. "అమ్మా, లోపల పెట్టు" అని. ఆ రాత్రికి రాత్రే మైలాపూరు, మాంబళం, తిరువాన్మియూరు అంతా ఫోన్లు వెళ్లాయి. గాయకులు, వయొలిన్ వాళ్లు, గుళ్లో తవిల్ వాయించేవాళ్లు, సభల్లో మైకులు చూసే కుర్రాళ్లు కూడా ఇచ్చారు. ఆ మందు తయారయ్యేది వేలమంది దానం చేసిన రక్తంలోని ప్లాస్మా నుంచి. వాళ్ల ముఖాలు నేనెప్పటికీ చూడను. వాళ్లకీ ఇక్కడి నుంచే దణ్ణం.

అయితే డబ్బు కంటే పెద్ద సంగతి ఒకటుంది. దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

చెన్నైలో మార్గళి సీజన్ అంటే, డిసెంబరు, జనవరిల్లో సభలన్నిట్లో వరసగా కచేరీలు జరిగే రోజులు. మా ఏడాది మొత్తం ఆ కొన్ని వారాల్లోనే. ఒకసారి చేయి దాటిన కచేరీ మళ్లీ మన దగ్గరికి రావడం కష్టం. అందులో ఎవరి తప్పూ లేదు, వరసలో అంతమంది ఉన్నారు. పోయిన డిసెంబరులో నాకు 11 కచేరీలు ఒప్పుకున్నవి ఉన్నాయి. ఆ 11 నలుగురు మృదంగం వాళ్లు పంచుకున్నారు. వాళ్లలో ఇద్దరు నాకంటే చిన్నవాళ్లు, వాళ్లకి అవకాశాలు ఎంత అవసరమో నాకు తెలుసు. ప్రతి సభ కార్యదర్శికీ ఒకటే మాట చెప్పారు: "ఇది ఆయన చోటు సార్, ఈసారికి నేను కూర్చుంటున్నానంతే." పారితోషికం కవర్లు విప్పకుండా తెచ్చి మా ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి వెళ్లారు. పదకొండు కవర్లు. ఒక్కో దాని మీద సభ పేరు, తేదీ. ఆ కవర్లు ఇప్పటికీ దాచుకున్నాను.

నరం మళ్లీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు అని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మోచేతి నుంచి వేలి కొస దాకా మనసులో కొలుచుకున్నాను. ఏడాది పైన పడుతుందని లెక్క తేలింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. వేళ్లు ముడవడానికి స్పాంజి బంతి ఇచ్చారు, దాన్ని చూస్తేనే నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు ఘటం అన్న బొంబాయి రవ్వ పొట్లం పట్టుకొచ్చాడు. తెలియనివాళ్లకి చెప్తాను: మృదంగం కుడి మూత మీది నల్ల కరణి ఎప్పుడూ ఉండేదే. ఎడమవైపు తొప్పికి మాత్రం వాయించే ముందు రవ్వ నీళ్లతో పిసికి ముద్ద చేసి మధ్యలో అంటిస్తాం, అప్పుడే ఆ గంభీరమైన నాదం. కచేరీ అయ్యాక గోకి తీసేస్తాం. అన్న ఆ రవ్వ పళ్లెంలో పోసి, నీళ్లు చిలకరించి, నా చేయి తీసుకెళ్లి అందులో పెట్టాడు. "ఆ బంతి వద్దు తంబీ, ఇది పిసుకు. నీ చేతికి తెలిసిన పని" అన్నాడు. మొదటి రోజు ముద్ద కాలేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. తడి రవ్వ వాసనకి చిన్నప్పుడు బెజవాడలో మా గురువుగారి అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది. 23 రోజులకి ముద్ద కట్టింది. అన్న దాన్ని పారేయనివ్వలేదు, నా మృదంగం తెచ్చి తొప్పికి తనే అంటించాడు. ఆ మృదంగం మాత్రం పలికే స్థితిలో ఎలా ఉందనుకున్నారు? దాన్ని కట్టే ఆయన నెలనెలా వచ్చి, వార్లు బిగించి, శ్రుతి చూసి, నన్ను నిద్ర లేపకుండా వెళ్లిపోయేవారట.

ఒక గాయని అక్క ఉంది, తమిళావిడ. త్యాగరాజ కృతుల పుస్తకం పట్టుకుని శుక్రవారాలు వచ్చి పక్కన కూర్చునేది. ఈ మాటకి అర్థం ఏమిటి, ఇప్పుడు కూడా మీ ఇళ్లల్లో ఇలా అంటారా అని అడిగేది. చేతులు పనిచేయని రోజుల్లో నేను ఇంకా పనికొస్తానని నాకు అనిపించింది ఆ శుక్రవారాల వల్లే.

కొలువు దగ్గర పాడింది ఆ అక్కే. పాట ఆపి తనికి, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టానికి, విడిచినప్పుడు భయమేసింది. నాకు ఇప్పుడు రెండో కాలం, అంటే రెట్టింపు వేగం దాకా చేయి తేటగా నడుస్తుంది, ఆ పైన బరువెక్కుతుంది. అన్న ఘటం మీద మెరుపులా వేళ్లు ఆడించే మనిషి, ఆ సాయంత్రం ఒక్కసారి కూడా నా వేగం దాటలేదు. నేను ఏది వాయించగలనో అదే వాయించి, నా వంతు కోసం ఆగాడు. కోర్వై, అంటే చివర్లో వాయించే ముగింపు, ఇద్దరం కలిసి వాయించి సరిగ్గా సమం మీద, తాళం మొదటి దెబ్బ మీద దిగాం. ఆ ఇంటి పెద్దావిడ శనగల సుండలు పెట్టిన దొన్నె నా చేతికిచ్చింది. పడలేదు, పట్టుకున్నాను.

ఈ డిసెంబరుకి ఆ పదకొండులో మూడు ఒప్పుకున్నాను, మధ్యాహ్నం వేళ చిన్న కచేరీలు. మిగతా ఎనిమిదీ వచ్చే ఏడాదికి అలాగే ఉంటాయని ఆ నలుగురూ అన్నారు. ఈ ఎనిమిది మాత్రం మీ పేరు మీదే వాయించండి తమ్ముళ్లూ, కవర్లు మీ ఇళ్లకే తీసుకెళ్లండి. నేను ముందు వరసలో కూర్చుని తాళం వేస్తాను.