షాపుకు పదకొండు నెలల కాగితం చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ క్లాసిఫైడ్ పేజీలో "షాపు అద్దెకు కలదు", "రన్నింగ్ బిజినెస్ ఇంటీరియర్‌తో సహా ఇవ్వబడును" అనే ప్రకటనలు నిత్యం చూస్తుంటాం. వాటిని చూసి మడిగె మాట్లాడుకున్నవాళ్లు ఆ తర్వాత చేసే పని ఒకటే: వంద రూపాయల స్టాంపు పేపరు, పదకొండు నెలల అగ్రిమెంటు, కింద నోటరీ ముద్ర. ఇంటికైతే దానితో పెద్ద నష్టం ఉండదు. సామాను ఆటో ట్రాలీలో వేసుకొని పక్క వీధికి పోవచ్చు. షాపు అలా కాదు. ఫాల్స్ సీలింగ్, ర్యాకులు, ఏసీలు, బోర్డు కలిపి పది లక్షలు గోడలకు పెట్టేసి, ఆ వీధిలో పేరు పడేదాకా రెండేళ్లు ఓపిక పట్టాక, పదిహేను రోజుల నోటీసు ఇచ్చి లేవమంటే లేవాల్సిందే. ఈ సంగతి చాలామందికి నోటీసు చేతికొచ్చాకే తెలుస్తోంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలి. దాన్ని తప్పించుకోవడానికి దేశమంతటా వాడే ఉపాయమే ఈ పదకొండు నెలలు. మన దగ్గర ఆ ఉపాయమూ పనికిరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌ను సవరించింది. దాంతో 1999 ఏప్రిల్ 1 నుంచి గడువు ఎంతైనా సరే, లీజు కాగితం మీద రాసుకుంటే రిజిస్టర్ చేయించాల్సిందే. పాతికేళ్లు దాటినా స్టాంపు వెండర్ల దగ్గర ఇంకా ఆ పదకొండు నెలల ఫారమే అమ్ముడుపోవడం బాధాకరం.

రిజిస్టర్ కాని కాగితంలో ఐదేళ్లని, మూడేళ్ల లాక్-ఇన్ (మధ్యలో లీజు వదలకూడని గడువు) అని ఎంత స్పష్టంగా రాసుకున్నా కోర్టు ఆ షరతులను పట్టించుకోదు. షాపులో ఉన్నది అద్దెదారుగానే అని చూపడం లాంటి పరిమిత అవసరానికే ఆ కాగితం పనికొస్తుంది. అప్పుడు అద్దె నెలనెలా సాగేదే అవుతుంది, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు సరిపోతుంది. తయారీ అవసరానికి ఇచ్చిన జాగాకు ఆరు నెలల నోటీసు అని అదే సెక్షన్‌లో ఉంది గానీ, రిజిస్టర్ కాని లీజును చూపించి ఆ ఆరు నెలలు అడగడం కుదరదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బేకరీ వెనక బట్టీ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. స్టాంపు డ్యూటీ తక్కువైతే మరో చిక్కు. తక్కువైన డ్యూటీ, దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టేవరకు ఆ కాగితాన్ని కోర్టు ఏ అవసరానికీ తీసుకోదు. వేరే ఒప్పందం లేకపోతే ఆ డ్యూటీ భారం అద్దెదారుదే.

రిజిస్ట్రేషన్ అంటే అద్దెదారు పాతుకుపోతాడని యజమానులు భయపడతారు. నిజానికి యజమానికి కూడా మేలు చేసేది రిజిస్టర్డ్ లీజే. గడువు ముగిసిన రోజున లీజు దానంతటదే ముగుస్తుంది, విడిగా నోటీసు అక్కర్లేదు. గడువు దాటి కూర్చుంటే రెట్టింపు అద్దె అన్న షరతును గట్టిగా అడగవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. గడువు తీరాక మౌనంగా అద్దె తీసుకుంటూ పోతే అదే చట్టం 116వ సెక్షన్ కింద నెలవారీ అద్దెగా మళ్లీ మొదలవుతుంది. అప్పుడు నోటీసు తప్పదు.

సగం అద్దె చెక్కు, సగం చేతికి అనే పద్ధతి ఉన్నచోట రిజిస్ట్రేషన్ అంటేనే ఒప్పుకోరు. కాగితం మీద ముప్పై వేలు రాసి, మరో ముప్పై వేలు నగదుగా తీసుకునే యజమాని రేపు బకాయి దావా వేస్తే ముప్పై వేలకే వేయగలడు. అద్దెదారు ఆ నగదును ఖర్చుగా చూపలేడు. ఒకే రోజు ఒకరికి పదివేలు మించి నగదు ఇస్తే ఆదాయపన్ను లెక్కలో వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు.

సంతకానికి ముందు మూడు కాగితాలు చూడాలి. మొదటిది ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే ధ్రువపత్రం. షాపు ముగ్గురు అన్నదమ్ముల పేరున ఉంటే ముగ్గురూ సంతకం చేయాలి. పెద్దన్న ఒక్కడే రాసిస్తే మిగతా ఇద్దరి వాటా సంగతి తేలదు. అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిన పవర్ ఆఫ్ అటార్నీ అయితే, అది దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించారా లేదా చూడాలి.

రెండోది బ్యాంకు తనఖా. దీన్ని చాలామంది అడగరు, దెబ్బ పడేది ఇక్కడే. తనఖా పెట్టాక యజమాని ఇచ్చే లీజుకు ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ పరిమితులున్నాయి. భవనమైతే మూడేళ్లకు మించకూడదు, గుడ్‌విల్ లాంటి సొమ్ము ముందుగా తీసుకోకూడదు. తనఖా దస్తావేజులోనే బ్యాంకు అనుమతి కావాలని రాసి ఉంటే అదీ తప్పదు. యజమాని అప్పు కట్టకపోతే సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకునే చట్టం) కింద బ్యాంకు షాపుకు తాళం వేసేటప్పుడు అద్దెదారుకు అక్కరకొచ్చేది రిజిస్టర్డ్ లీజే. అది లేకపోతే నెలనెలా అద్దె కట్టిన రసీదులెన్ని చూపినా గట్టిగా నిలబడలేడు. ఈసీలో కనపడని తనఖాలూ ఉంటాయి కాబట్టి తనఖాల కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి వెతకాలి. బ్యాంకు నుంచి నో-అబ్జెక్షన్ లేఖ తీసుకుంటే ఇంకా మంచిది.

మూడోది మంజూరైన ప్లాను. ప్లానులో ఇల్లు అని ఉన్న గ్రౌండ్ ఫ్లోరుకు షట్టరు పెట్టి ఇస్తారు, పార్కింగ్ అని ఉన్న సెల్లారును టిఫిన్ సెంటరుకు ఇస్తారు. మున్సిపాలిటీ వచ్చి సీలు వేసినప్పుడు యజమానికి పోయేది అద్దె, అద్దెదారుకు పోయేది పెట్టుబడంతా. కాబట్టి "ఈ వ్యాపారానికి ఈ జాగా ప్లాను ప్రకారం తగినదే, యజమాని తప్పువల్ల మూతపడితే అద్దె ఆగుతుంది, అడ్వాన్స్ మొత్తం వెనక్కి వస్తుంది, ఇంటీరియర్ ఖర్చులో ఇంత శాతం యజమాని ఇస్తారు" అన్న వాక్యాలు దస్తావేజులో ఉండాలి. కరెంటు మీటరు కూడా చూసుకోవాలి. ఇంటి కేటగిరీ మీటరు మీద షాపు నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో వసూలు చేస్తారు. ఎప్పటినుంచి అలా వాడారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్కగడతారు.

ఇక లెక్కలు. ఎదురుగా కనపడే అద్దె వేరు, నిజంగా పడే అద్దె వేరు. చదరపు అడుగుకు 70 రూపాయలు అంటారు, కొలిస్తే గోడల మధ్య 600 అడుగులే ఉంటుంది, అద్దె మాత్రం 840 అడుగులకు వేస్తారు. నెలకు 58,800 అయింది, అంటే వాడుకునే అడుగుకు 98 రూపాయలు. అందుకే కార్పెట్ ఏరియా ఎంతో దస్తావేజులో అంకెగా రాయించి, కొలిచిన స్కెచ్ జత చేయాలి. పెంపు విషయంలోనూ ఇంతే. ఏటా 5 శాతం, మూడేళ్లకోసారి 15 శాతం ఒకటేనని అనుకుంటారు. అద్దె 60,000 అయితే ఏటా పెంపులో రెండో ఏడు 63,000, మూడో ఏడు 66,150. మొదటి మూడేళ్లలోనే అద్దెదారు 1,09,800 అదనంగా కడతాడు, నాలుగో ఏడు అద్దె రెండు పద్ధతుల్లోనూ దాదాపు 69 వేలే.

లాక్-ఇన్ ఎవరికి అన్నది అడిగి తీరాలి. చాలా ముసాయిదాల్లో అద్దెదారు మూడేళ్లు కదలకూడదని ఉంటుంది, యజమాని మాత్రం మూడు నెలల నోటీసుతో లేపవచ్చని ఉంటుంది. గోడలకు డబ్బు పెట్టేది అద్దెదారు కాబట్టి లాక్-ఇన్ మొదట కట్టేయాల్సింది యజమానిని. అడ్వాన్స్ వాపసు గురించి "ఖాళీ చేశాక ఇవ్వబడును" అని వదిలేయకూడదు. తాళాలు, డబ్బు అదే రోజు చేతులు మారాలి, ఆలస్యమైతే ఇంత వడ్డీ అని రాయించాలి. మామూలు అరుగుదలకు కోత ఉండకూడదు. షాపును మధ్యలో అమ్మితే లీజు కొత్త యజమానితో కొనసాగుతుంది గానీ అడ్వాన్స్ దగ్గర తగాదా మొదలవుతుంది. పాతాయన కొత్తాయనకు ఇచ్చానంటాడు, కొత్తాయన నాకు రాలేదంటాడు. కొనేవాడే అడ్వాన్స్‌కు బాధ్యుడని ముందే రాసుకుంటే ఆ గొడవ రాదు. ఏసీలు, ర్యాకులు, జనరేటరు, బోర్డు ఎవరివో ఫోటోలతో జాబితా వేసి ఇద్దరూ సంతకం చేయాలి. అద్దెదారు బిగించినవి షాపు తన స్వాధీనంలో ఉండగానే విప్పుకోవచ్చు. తాళాలు ఇచ్చేశాక వెళ్లి అడిగితే కష్టం.

జీఎస్టీ విషయంలో చిన్న వ్యాపారులు ఈమధ్య ఎక్కువగా పొరపడుతున్నారు. షాపు అద్దెపై పన్ను 18 శాతం. యజమాని వార్షిక రాబడి 20 లక్షలలోపే ఉండి రిజిస్ట్రేషన్ తీసుకోకపోయినా, అద్దెదారుకు జీఎస్టీ నంబరు ఉంటే 2024 అక్టోబర్ 10 నుంచి ఆ పన్ను అద్దెదారే రివర్స్ ఛార్జ్ కింద కట్టాలి. 60,000 అద్దెకు నెలకు 10,800. దీన్ని క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నుకు దక్కే తగ్గింపు) నిల్వలోంచి కట్టడానికి వీల్లేదు, నగదుగానే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. బట్టల షాపుకు అది తిరిగొస్తుంది. క్రెడిట్ లేకుండా 5 శాతం కట్టే హోటలుకు మాత్రం పూర్తిగా ఖర్చే. కంపోజిషన్‌లో (టర్నోవరుపై నిర్ణీత శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకంలో) ఉన్నవాళ్లను 2025 జనవరి 16 నుంచి దీన్నుంచి తప్పించారు.

టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) విషయానికొస్తే అద్దె నెలకు 50,000 దాటితే సంస్థలు, పెద్ద టర్నోవరు ఉన్న వ్యాపారులు 10 శాతం, మిగతా వ్యక్తులు 2 శాతం కోయాలి. మన ఊళ్లలో షాపు యజమాని అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండటం మామూలే. యజమాని ఎన్నారై అయితే ఆ 50,000 పరిమితి వర్తించదు. అద్దె ఎంతైనా 30 శాతం, దానిపై సెస్సు కలిపి 31.2 శాతం కోసి కట్టాలి. అద్దెను ఇక్కడున్న అమ్మ ఖాతాలో వేయమన్నా లెక్క మారదు, యజమాని ఎవరన్నదే చూస్తారు. కోయకపోతే ఆ పన్ను, వడ్డీ కట్టాల్సింది అద్దెదారే.

"రన్నింగ్ బిజినెస్" ప్రకటనల దగ్గర ఆగి ఆలోచించాలి. పాత అద్దెదారుకు ఐదారు లక్షలు గుడ్‌విల్ ఇచ్చి, అతని పేరు మీదే అద్దె కడుతూ షాపు నడపడం చూస్తుంటాం. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సబ్‌లెట్ చేయకూడదని, అంటే షాపును మరొకరికి అద్దెకు ఇవ్వకూడదని లీజులో ఉంటే, కొత్తగా వచ్చినవాడికి యజమాని మీద ఏ హక్కూ లేదు. పాతవాడి లీజు కూడా పోతుంది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని యజమానితో కొత్త లీజు రాయించుకున్నాకే గుడ్‌విల్ చేతికివ్వాలి. భాగస్తులు మారినా, ఎల్ఎల్‌పీగా (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థగా) మార్చినా, ఫ్రాంచైజీకి ఇచ్చినా సబ్‌లెట్ అనిపించుకోకుండా ముందే మినహాయింపు రాయించుకోవాలి.

పాత బజార్లలోని చిన్న అద్దె షాపులకు తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా కాపు కాస్తోంది. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500, ఇతర చోట్ల 2,000 రూపాయల అద్దె దాటిన భవనాలు ఆ చట్టం పరిధిలో లేవు. ఆ పరిధిలో ఉన్నవాళ్లకు అసలు ముప్పు యజమాని అద్దె తీసుకోకపోవడం. నాలుగు నెలలు వద్దని, ఐదో నెల బకాయి కేసు వేస్తారు. అద్దె తీసుకోని నెలలోనే, ఏ బ్యాంకు ఖాతాలో వేయాలో చెప్పమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. అప్పటికీ తీసుకోకపోతే చట్టంలో చెప్పిన క్రమంలో రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేయాలి.

యజమాని రాత్రికి రాత్రి తాళం మార్చేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆరు నెలలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

కరోనా కాలంలో షాపు మూసి ఉంది కదా అని అద్దె ఆపేసినవాళ్లు ఇబ్బంది పడ్డారు. ఢిల్లీలోని ఖాన్ మార్కెట్ షాపు కేసులో అక్కడి హైకోర్టు 2020 మేలో అద్దె మాఫీ కుదరదని, కట్టడానికి కొంత గడువు మాత్రం ఇస్తామని చెప్పింది. లీజులో అలాంటి షరతు రాసుకుంటేనే మాఫీ అడగడానికి ఆధారం ఉంటుంది. మన నగరాల్లో రోడ్డు విస్తరణ, ఫ్లైఓవర్ పనులు వస్తూనే ఉంటాయి. ముందు పదడుగులు పోతే అద్దె ఎంత తగ్గుతుంది, నష్టపరిహారంలో ఇంటీరియర్ భాగం ఎవరికి, దారి మూసేస్తే ఎన్నాళ్లకు లీజు వదులుకోవచ్చు అన్నది ముందే రాసుకోవాలి.

దస్తావేజు ఇంగ్లిషులోనే ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. తెలుగులో రాసినదాన్ని సబ్-రిజిస్ట్రార్ రిజిస్టర్ చేస్తారు. సంతకమైన నాలుగు నెలల్లోపు ఇవ్వాలి. ఉభయులు, ఇద్దరు సాక్షులు, ఆధార్, పాన్, యజమాని లింకు దస్తావేజులు (ఆస్తి తనకు ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు) ఉంటే పని అవుతుంది. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలనూ మీ పత్రిక ద్వారా కోరేది ఇదే: షాపు లీజుకు ఒక నమూనా దస్తావేజును తెలుగులో తయారుచేసి, కార్పెట్ ఏరియా, లాక్-ఇన్, అడ్వాన్స్ వాపసు, తనఖా వివరాల గడులతో ప్రతి సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో, స్టాంపు వెండర్ల దగ్గర ఉచితంగా దొరికేలా చూడండి. పదకొండు నెలల ఫారం అమ్మేచోటే అదీ ఉండాలి.

— షాపుల లీజు దస్తావేజులు రాసే న్యాయవాది, హన్మకొండ