టకోమా గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చాలంటే

అమ్మలూ,

నీది 2012 టకోమా, టొయోటా పికప్ ట్రక్, 4.0 లీటర్ల వీ6 ఇంజన్, 98,000 మైళ్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడైనా మార్చారన్న కాగితం లేదు. పైగా నువ్వు దాంతో వారం వారం ట్రెయిలర్ లాగుతున్నావు. ఇంక ఆలోచించడానికేముంది, ఈ నెలలోనే మార్చెయ్.

టొయోటా మెయింటెనెన్స్ పుస్తకంలో ట్రెయిలర్ లాగే బండికీ, బరువులు మోసే బండికీ 60,000 మైళ్లకోసారి మార్చమని ఉంది. మామూలుగా తిప్పుకునేవాళ్లకు అంకె ఇవ్వలేదు. దాన్ని పట్టుకునే కొందరు ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అంటారు. ఎవరి లైఫో వాళ్లనే అడగాలి.

రంగు చూసి నిర్ణయించకు. ఈ గేర్‌బాక్స్‌కి టొయోటా చెప్పిన డబ్ల్యూఎస్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉన్నా, వాడేకొద్దీ రంగు ముదురుతుంది, అదొక్కటే తప్పు కాదు. మాడిన వాసన వస్తే మాత్రం పట్టించుకోవాలి. ఆయిల్‌ని చంపేది మైళ్లకంటే వేడి. ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ లాక్ కాకుండా జారుతూ తిరిగినంతసేపూ ఆయిల్ తనని తాను చిలుక్కుంటూ కాగుతుంది. బరువు కట్టుకుని ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో ఆగి కదిలేటప్పుడు జరిగేది అదే. డల్లాస్ ఎండ మన నంద్యాల ఎండకు తీసిపోదు, దాన్నీ కలుపుకో. అందుకే ట్రెయిలర్ ఉన్నప్పుడు 5లోకి పోకుండా గేరు లివర్ 4లో పెట్టి నడుపు. గేరు మాటిమాటికీ 5కీ 4కీ మధ్య ఊగిసలాడదు.

మెషిన్ పెట్టి ఫ్లష్ చేస్తామంటే వద్దను. కిందనించి తీసి, పైనించి పోయడమే మేలు. నీ బండిలో ఉన్న ఈ ఏ750 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో మొత్తం సుమారు 11 క్వార్టులు పడుతుంది (క్వార్టంటే లీటరుకు కొంచెం తక్కువ), డ్రెయిన్ బోల్టు తీస్తే దిగేది 3 క్వార్టుల లోపే. మూడుసార్లు చేస్తే 60 శాతం దాకా కొత్తది చేరుతుంది. మధ్యలో వెయ్యి మైళ్ల చొప్పున తిప్పు. మొత్తం 9 క్వార్టులు, అచ్చంగా టొయోటా డబ్ల్యూఎస్ అని రాసి ఉన్నదే కొను.

బండిని సమతలం మీద పెట్టి, ఇంజన్ చల్లారాక ముందు ఆయిల్ పోసే చోట ఉన్న ఫిల్లర్ బోల్టు విప్పు. గేర్‌బాక్స్‌కి కుడి పక్కన, 24 ఎంఎం. అది బిగుసుకుపోయి రాకపోతే పని అక్కడే ఆపెయ్. కిందది ముందు ఖాళీ చేస్తే, పోయడానికి దారి లేక బండి అక్కడే కూర్చుంటుంది. ఆ తర్వాత గేర్‌బాక్స్ అడుగున ఉండే రేకు పళ్లెం, అంటే పాన్‌కి ఉన్న 14 ఎంఎం డ్రెయిన్ బోల్టు. అదే పాన్‌కి 5 ఎంఎం ఆలెన్ కీ పట్టే ఇంకో బోల్టు ఉంటుంది, అది లెవెల్ చూసేది, దాన్నీ దీన్నీ కలపకు. దిగిన ఆయిల్‌ని ఖాళీ గ్యాలన్ డబ్బాలో కొలిచి, సరిగ్గా అంతే పొయ్యి. బిగింపు డ్రెయిన్‌కీ లెవెల్ బోల్టుకీ 20 న్యూటన్ మీటర్లు, ఫిల్లర్‌కి 39. ఆ బిగింపుని కొలిచి చూపే టార్క్ రెంచ్ అరువు తెచ్చుకునైనా వాడు, పాన్ రేకు పల్చన.

ఈ బండి గేర్‌బాక్స్‌కి ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ లేదు. ఇంజన్ నడుస్తుండగా, గేరు లివర్‌ని అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి పార్క్‌లో పెట్టి, ఆయిల్ వేడి 36 నుంచి 46 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు లెవెల్ బోల్టు విప్పాలి. బండి కంప్యూటర్ అంకెలు చదివి ఫోన్‌కి పంపే ఓబీడీ రీడర్‌లో ఆ అంకె కనిపిస్తుంది. సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారితే సరిపోయినట్టు. అసలు రాకపోతే తక్కువుంది, ఫిల్లర్‌లోంచి కొంచెం కొంచెం పొయ్యి. బాగా వేడెక్కాక చూస్తే ఆయిల్ వ్యాకోచించి ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. అది నమ్మి తీసేస్తే, చల్లారాక తక్కువై గేర్లు జారతాయి.

మార్చితే పాత గేర్‌బాక్స్ పోతుందని నిన్ను ఎవరైనా భయపెడతారు. ఇప్పటికే గేరు మారేటప్పుడు ఇంజన్ ఊరికే రయ్యిమని, బండి ఆలస్యంగా కదులుతుంటే క్లచ్ ప్లేట్లు అరిగిపోయినట్టే. అప్పుడు కొత్త ఆయిల్ బాగుచేయదు, పోయినదానికి నింద మాత్రం దానిమీద పడుతుంది. నీ బండి శుభ్రంగా మారుతోందన్నావు కాబట్టి భయం లేదు. ఎప్పుడైనా పాన్ దింపితే అయస్కాంతాలకి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉండడం మామూలే. గోటికి తగిలే ఇనుప పెంకులుంటే వేరే సంగతి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది రేడియేటర్. గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడేది దాని లోపలున్న గొట్టంలోంచే. ఆ గొట్టం లోపల పగిలితే రేడియేటర్‌లో ఉండే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, ఆయిల్‌లో కలిసి, అచ్చం రోజ్‌మిల్క్ అయిపోతుంది. ఈ తరం టకోమాల్లో ఇది తెలిసిన జబ్బే. నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది పూత జిగురు వదిలేస్తుంది, ఇంక గేర్‌బాక్సే విప్పాలి. టొయోటా కూలెంట్ రంగే గులాబీ, కాబట్టి రంగు చూసి కంగారుపడకు. కూలెంట్‌ని గాజుగ్లాసులో పట్టి చూస్తే వెలుతురు ఆరపార కనిపించాలి, పైన నూనె తెట్టు ఉండకూడదు. పాలలా ఉంటే బండి స్టార్ట్ చెయ్యకు, లాగించుకుని తీసుకెళ్లు. బాగున్నా సరే, అది బండితో వచ్చిన పాత రేడియేటరే అయితే ట్రెయిలర్ కోసమైనా కొత్తది వేయించుకో. గేర్‌బాక్స్ ఖర్చు ముందు అదెంత.

రేపు పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, గ్లాసులో పట్టి, ఫోటో పంపు. ఆయిల్ తర్వాత కొందువుగాని.

నాన్న